అయిదు కిలోల లోపు

తూకం మీద పెట్టె పెట్టగానే అంకెలు కాసేపు ఊగిసలాడి, అయిదు కిలోల మూడువందల యాభై గ్రాముల దగ్గర ఆగాయి. కీర్తిప్రియ ఆ అంకెల్ని నమ్మలేదు. పెట్టె దించి, తూకం పళ్లేన్ని చున్నీ అంచుతో తుడిచి, మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. ఇంకో పెట్టె పెట్టింది. అది ఇంకో ఇరవై గ్రాములు ఎక్కువే తూగింది.

నూజివీడు బస్టాండు వెనక సందులో ఉన్న ఆ కొరియర్ ఆఫీసులో షాలోమి ఒక్కతే ఉద్యోగి. ఫ్యాను కింద కుర్చీ వేసుకుని, మామిడి పెట్టెల సీజన్లో ఎన్ని గొడవలు చూసిందో ఏమో, ఆ అమ్మాయి ఏమాత్రం విసుక్కోలేదు. తూకం మీద అనుమానమైతే తీర్చుకోమని చెప్పి, తనే లేచి పక్క కిరాణా కొట్లోంచి కిలో ఉప్పు ప్యాకెట్ తెచ్చి పళ్లెం మీద పెట్టింది. ఒక కిలో అయిదు గ్రాములు చూపించింది. ఆ అయిదు గ్రాములూ కవరు బరువని తీర్పు కూడా చెప్పింది.

"తూకం మంచిదే అక్కా. మీ పెట్టెలే బలిసినాయి," అంది నవ్వుతూ.

కీర్తిప్రియకు నవ్వు రాలేదు. అయిదు కిలోల దాకా ఒక రేటు. ఒక్క గ్రాము దాటినా ఆరో కిలో కింద లెక్క. పెట్టెకు పద్దెనిమిది చిన్న రసాలు, అట్టపెట్టె, వరిగడ్డి, టేపు అన్నీ కలిపి అయిదు కిలోల లోపే ఉండాలని పోయిన నెలంతా కూర్చుని కుదుర్చుకున్న లెక్క అది. పోయిన వారం పంపిన పెట్టెలన్నీ ఆరో కిలో కిందే లెక్క పడ్డాయని బిల్లు వచ్చాకే, ఈసారి తనే వ్యాను వెంట వచ్చింది. ఆ రోజు వ్యాన్లో తెచ్చిన ముప్ఫై రెండు పెట్టెల్లో ఒక్కటి కూడా అయిదు లోపు లేదు. ఒకటో రెండో దాటితే కాయ పెద్దదనుకోవచ్చు. అన్నీ కూడబలుక్కున్నట్టు అదే మూడొందల చిల్లర గ్రాములు దాటడమేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

ఆమెకు చిన్నప్పటి నుంచీ ఒక గుణముంది. లెక్క తప్పితే ముందు కోపం రాదు, ఆరా పుడుతుంది. దాని వెనకాలే కోపం వస్తుంది గాని, కాస్త ఆలస్యంగా వస్తుంది.

ఈసారి ఆ ఆలస్యానికి కూడా వ్యవధి లేదు. తోటలో సగం కాపు ఇంకా చెట్ల మీదే ఉంది. శుక్రవారం విస్సన్నపేట నుంచి వ్యాపారి వస్తాడు. పదిహేనేళ్లుగా ఆ తోట కాపు చెట్టు మీదుండగానే కొనేస్తున్నది ఆయనే. ఈ ఏడు కూతురు పోరగా పోరగా తండ్రి దశరథరామయ్య సగం కాపు ఆమె చేతికిచ్చాడు. పెట్టె తన ఖర్చు తను మోస్తుందని శుక్రవారం నాటికి చూపిస్తే మిగతా సగం కూడా ఆమెకే, లేకపోతే వ్యాపారికే అని ఒప్పందం. వ్యాపారి వస్తే వెంట తన కూలీలు వస్తారు. కీర్తిప్రియ షెడ్డులో పెట్టెలు కట్టే లక్ష్మి, ఆమెతో వచ్చే నలుగురు ఆడవాళ్లు ఆ రోజునుంచి వేరే పని చూసుకోవాలి.

తిరుగు దారిలో రెడ్డిగూడెం దాటాక ఫోను మోగింది. విస్సన్నపేట నుంచి జగన్మోహనరావు అట. మార్కెట్ యార్డులో గుమస్తాగా చేసి రిటైరయ్యాననీ, పోయిన వారం ఒక పెట్టె తెప్పించుకున్నాననీ, కాయ అమృతమనీ చెప్పాడు. ఆ తరవాత ఒక సందేహం ఉందన్నాడు.

"మా ఇంటికీ మీ తోటకీ పన్నెండు కిలోమీటర్లమ్మా. ఢిల్లీలో మా మేనల్లుడు కూడా మీ దగ్గరే తెప్పించుకున్నాడు. ఇద్దరికీ ఒకటే రేటు పడింది. నా పెట్టె గానీ ఢిల్లీ దాకా వెళ్లి తిరిగొచ్చిందా?"

డెలివరీ ఉచితం కదండీ, అందుకే ఎవరికైనా ఒకటే రేటండీ, అని కీర్తిప్రియ చదువుకున్న పాఠం అప్పజెప్పింది.

"ఉచితమా. మంచిదే. మరి నేనే స్కూటర్ మీదొచ్చి పట్టుకెళ్తే ఏమన్నా తగ్గుద్దా?"

ఆమె ఆలోచించి చెబుతానంది. ఆయన నింపాదిగా, తొందరేం లేదమ్మా, ఊరికే తెలుసుకుందామని అడిగానని పెట్టేశాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందా లేదా అని ఇల్లు చేరేదాకా ఆలోచించింది. లేదనే తేల్చుకుంది. ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది, అదే ఆమెను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

పోయినేడు ఉచితం అని పెట్టలేదు. నలభై పెట్టెలు ఆన్‌లైన్లో అమ్మి చూద్దామని పేజీ మొదలుపెట్టినప్పుడు కాయ రేటు వేరే, డెలివరీ చార్జీ వేరే రాసింది. జనం కాయలు ఎంచుకుని, పేరూ ఊరూ నింపి, చివర చార్జీ కనపడగానే మాయమైపోయేవారు. పెళ్లిపందిట్లో వడ్డన దాకా కూర్చుని కట్నం పుస్తకం రాగానే లేచిపోయినట్టు. అందుకని ఈ ఏడు దగ్గరా దూరం కలేసి, సగటు తీసి, ఆ సగటును కాయ రేట్లో కలిపేసి పైన పెద్దక్షరాలతో "డెలివరీ ఉచితం" అని రాసింది. ఎవరూ లేచిపోలేదు. ఆ ఉపాయానికి తనను తాను మెచ్చుకుంది కూడా. సగటులో మనుషులుంటారని, వాళ్లలో ఒకాయన విస్సన్నపేటలో ఉంటాడని అప్పుడు తట్టలేదు.

ఇంటి దగ్గర దశరథరామయ్య కొరియర్ రసీదు చూశాడు. కళ్లజోడు తీసి రసీదు మీద పెట్టి, పడక కుర్చీలో వెనక్కి వాలాడు. ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి, పెట్టె కట్టే కూలి ఎక్కువిస్తున్నావేమో చూడు, అని భోజనాల దగ్గర ఒక్క ముక్క అన్నాడు. ఉచితం అని రాసినందుకు ఎవరో ఒకరు కట్టాలి మరి. కీర్తిప్రియకు కూడా ఆ క్షణంలో చేతికందేదిగా అదొక్కటే కనిపించింది.

మంగళవారం పొద్దున ఆమె షెడ్డులోకి వెళ్లేసరికి ఆడవాళ్లు అయిదుగురూ పని మొదలుపెట్టారు. తెల్లవారుజామున కోసిన కాయలను ముచ్చిక కిందికి ఉండేట్టు వరసగా పరిచి సొన కారనిస్తున్నారు. లక్ష్మి ఒక్కొక్క కాయ తీసి, పాత చీర ముక్కతో తుడిచి, బొటనవేలితో బుగ్గ నొక్కి చూసి పక్కన పెడుతోంది. నలభై అయిదేళ్లుంటాయి. సొన మరకలతో ఆమె వేళ్ల చివర్లు సీజన్ పొడుగునా నల్లగానే ఉంటాయి.

పెట్టెకు రెండు రూపాయలు తగ్గిస్తున్నామని, కొరియర్ ఖర్చు ఎక్కువవుతోందని, సర్దుకోవాలని కీర్తిప్రియ చెప్పింది. చెబుతున్నప్పుడు చేతిలో ఉన్న ఫోను వంక చూసింది. మిగతా నలుగురూ ఆమె వంక చూడలేదు, లక్ష్మి వంక చూశారు. లక్ష్మి తుడుస్తున్న కాయను పూర్తిగా తుడిచి, కింద పెట్టి, "అట్టాగేనండీ," అంది. తగ్గించడం ఎందుకని గాని, ఎన్నాళ్లని గాని అడగలేదు. అడిగితే చెప్పడానికి కీర్తిప్రియ రెండు మూడు కారణాలు సిద్ధం చేసుకుని వచ్చింది. అవి అలాగే మిగిలిపోయాయి.

సిగ్గుగా అనిపించింది. సిగ్గు వచ్చినప్పుడు మనిషి ఇంకో పనిలో తల దూర్చుకుంటాడు. ఆమె ఇంటికెళ్లి వంటగదిలో తూకం పెట్టుకుంది. ఆ అదనపు బరువు ఎక్కడ నుంచి వస్తోందో తేల్చుకోనిదే ఆ రోజు ఇంకో పని చేయదలచుకోలేదు.

ముందు ఖాళీ పెట్టె తూచింది. నాలుగొందల తొంభై. వరిగడ్డి నూటయాభై. టేపు, చిరునామా కాగితం కలిపి పదిహేను. వంటగది కటకటాల పక్కన బుట్టలో ఉన్న కాయలు పద్దెనిమిది ఏరి తూచింది. నాలుగు కిలోల రెండువందల ముప్ఫై. అంతా కలిపి అయిదు కిలోలకు నూటపదిహేను గ్రాములు తక్కువే వచ్చింది. గడ్డి తడిగా ఉందేమోనని డాబా మీద ఎండబెట్టి గంట తరవాత తూచింది. ఇరవై గ్రాములు పోయాయి. అట్టపెట్టె రాత్రి మంచుకు నీళ్లు పీలుస్తుందేమోనని షెడ్డులోది ఒకటి, ఇంట్లోది ఒకటి పక్కపక్కన తూచింది. తేడా లేదు. కాయలు పెద్దవేమోనని ఇంకో రెండు బుట్టలు తెప్పించి తూచింది. ఈ తోట కాయ ఇంతే ఉంటుంది, తాతల నాటి నుంచీ ఇంతే ఉంది.

తల్లి పుష్పవతి పొయ్యి దగ్గర నుంచి ఈ తతంగమంతా చూస్తూ ఉంది. "కూరలో ఉప్పు నువ్వింత జాగ్రత్తగా వేస్తే మీ నాన్న బీపీ మాత్ర మానేసేవాడు," అంది.

"అమ్మా, విడివిడిగా తూస్తే అయిదు లోపు. కలిపితే అయిదు పైన. ఎట్లా?"

"కలిపినప్పుడు నువ్వక్కడ ఉన్నావా?"

పుష్పవతి ఆ మాట మామూలుగానే అని పప్పు కలపడంలో పడింది. కీర్తిప్రియ తూకం తీసి సంచీలో పెట్టుకుంది. మొదటి పెట్టె కట్టిన రోజు తప్ప, షెడ్డులో పెట్టెలు కడుతుండగా తను ఒక పూటైనా కూర్చోలేదన్న సంగతి ఆమెకప్పుడు గుర్తొచ్చింది.

బుధవారం ఎనిమిదింటికల్లా షెడ్డులో లక్ష్మి ఎదుట పీట వేసుకుని కూర్చుంది. ఇద్దరి మధ్యా తూకం, దాని మీద ఖాళీ పెట్టె. ఆడవాళ్లకు ఇదేదో వేడుకగా ఉంది. అమ్మాయిగారు మనల్ని కూడా తూస్తారేమోనని జ్యోతి అనే ఆమె అంటే అందరూ నవ్వారు. లక్ష్మి నవ్వలేదు గాని పెదవి కొరుక్కుంది.

ఆమె పని చూడ్డానికి బావుంది. పెట్టె అడుగున గడ్డి పరిచి అరచేత్తో అణిచింది. కాయలు మూడేసి చొప్పున చేతిలోకి తీసుకుంటూ పైకే లెక్కపెట్టింది. మొదటి చేతిని ఒకటి అనలేదు, లాభం అంది. పొలంలో ధాన్యం కొలిచేవాళ్లు అనేట్టే. "లాభం, రెండు, మూడు..." ఆరు చేతులకు పద్దెనిమిది. ముచ్చికలన్నీ ఒకే వైపు. మధ్య మధ్య గడ్డి. ఎక్కడా కాయకు కాయ ఒరుసుకోకుండా. కీర్తిప్రియ తూకం చూసింది. అయిదుకు నూటముప్ఫై గ్రాములు తక్కువ. చెప్పలేనంత తృప్తి కలిగింది. లెక్క తప్పు కాదు. పుస్తకంలో ఆ అంకె రాసుకుని తలెత్తింది.

తూకం మీద అయిదు మూడొందల నలభై ఉంది.

ఆమె తూకాన్నీ, పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. ఆ కాస్త సేపట్లో లక్ష్మి చేసిందల్లా పెట్టె మూత ఒకవైపు మడవడమే అనిపించింది. టేపు వేయబోతుంటే ఆపమంది. మూత తెరిచింది. పై వరసలో రెండు మూలల్లో గడ్డి పక్కకు తోసి రెండు కాయలు అదనంగా ఉన్నాయి.

"ఇవేంటి లక్ష్మీ?"

"కొసరండీ."

అదేదో అడగవలసిన విషయమే కాదన్నట్టు చెప్పింది లక్ష్మి. ఎప్పటి నుంచి వేస్తున్నావంటే మొదటి పెట్టె నుంచీ అంది. మొదటి పెట్టె కట్టిన రోజు అమ్మాయిగారు పక్కనే ఉండి ఫొటోలు తీశారు కదా, అప్పుడూ వేశానంది. దాచిన పని కాదు, చెప్పుకునే పనీ కాదు. లెక్క అయిపోయాక వేసేది కాబట్టి అది లెక్కలోకి రాదు. కాగితం మీద పద్దెనిమిది అని టిక్కు కొట్టిన తరవాతే ఆ చెయ్యి మళ్లీ కుప్ప మీదికి పోతుంది.

కీర్తిప్రియ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. మనం పద్దెనిమిదే ఇస్తామన్నాం. వాళ్లు పద్దెనిమిదికే ఒప్పుకున్నారు. కొసరని ఎవరూ అడగలేదు.

"ఎదురుగా ఉంటే అడుగుతారు కదండీ," అంది లక్ష్మి. "ఎదురుగా లేరని ఎగ్గొడతామా?"

షెడ్డులో మిగతా నలుగురి చేతులూ నెమ్మదించాయి. కీర్తిప్రియకు అప్పుడు ఒక ప్రశ్న తోచింది. అడగకుండా ఉంటే బాగుండునని అనిపించినా అడిగేసింది.

"నిన్న కూడా వేశావా? కూలి తగ్గించాక?"

"వేశానండీ."

"ఎందుకు?"

లక్ష్మి మొదటిసారిగా ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు, కాస్త ఆశ్చర్యముంది.

"ఆ రెండు రూపాయలూ మీకూ మాకూ మధ్య సంగతండీ. తినేవాళ్లేం చేశారు?"

ఆ తరవాత కీర్తిప్రియ ఎక్కువ సేపు అక్కడ కూర్చోలేకపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తండ్రికి చెప్పింది. దశరథరామయ్య ముద్ద కలుపుతూ విన్నాడు. వినీ వినగానే, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందన్నాడు. మన కాయ, మన కొరియర్ ఖర్చు, దానం లక్ష్మిది. మానమని చెప్పు, మానకపోతే ఇంకొకరిని పెట్టుకో, అని తేల్చేశాడు.

"లక్ష్మి చెప్పింది, నువ్వే నేర్పావట నాన్నా. ఈ వ్యాపారి రాకముందు విస్సన్నపేట రోడ్డు మీద పందిరేసుకుని అమ్మేటప్పుడు, కొసరు వేయకుండా మూట కడితే కసిరావట."

ఆయన ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. ఆ పందిరి ఎక్కడుండేదో, దాని కింద తను ఎలా కూర్చునేవాడో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు గోడ వైపు చూశాడు.

"అప్పుడు వేరు," అన్నాడు చివరికి. "అప్పుడు మనిషి ఎదురుగా నిలబడేవాడు."

మజ్జిగ పోసుకున్నాడు. పుష్పవతి కూతురి వంక చూసి చూడనట్టు ఊరగాయ జాడీ మూత పెట్టింది.

అత్త సొమ్ము అల్లుడు దానం అన్న మాట కీర్తిప్రియను ఆ సాయంత్రం వదల్లేదు. డాబా మీద ఫోను పట్టుకుని కూర్చుని, ఆ మాట ఎవరికి సరిపోతుందా అని తిప్పి తిప్పి చూసింది. లక్ష్మికి సరిపోతుంది, కొంతవరకు. కానీ విస్సన్నపేట జగన్మోహనరావు దగ్గర ఎక్కువ తీసుకుని, ఆ ఎక్కువతో ఢిల్లీలో ఆయన మేనల్లుడి పెట్టె పంపించి, దాని పైన ఉచితమని పేరు పెట్టుకున్నది తను. అది చాలక లక్ష్మి కూలిలో రెండు రూపాయలు తీసి అదే ఢిల్లీ పెట్టెకు అంటించింది. ఎంత వెతికినా తన పెట్టెలో నిజంగా ఉచితమైనవి ఆ రెండు కాయలే. వాటి గురించి ఎక్కడా రాసి లేదు. ఆమెకు తన మీద తనకు నవ్వొచ్చింది, కాస్త అసహ్యం కూడా వేసింది.

సరే, ఏం చేయాలి? కొసరు మాన్పిస్తే పెట్టె అయిదు లోపుకు వస్తుంది, శుక్రవారం గండం గడుస్తుంది. అన్నిటికంటే సుళువు అదే. లక్ష్మి అట్టాగేనండీ అని మానేస్తుంది కూడా. రెండు రూపాయలకు అన్నట్టే అంటుంది. ఆ అట్టాగే ఇంకోసారి వినడానికి కీర్తిప్రియకు మనసొప్పలేదు. కొసరు ఉంచి ఆరో కిలో కట్టడమా? అది పెట్టె మోయలేని బరువు. చాలాసేపు కాయల లెక్కనూ కిలోల లెక్కనూ ఇటూ అటూ జరిపింది. పద్దెనిమిదికి రెండు కలిపితే దాటుతోంది. మరి పద్దెనిమిదిలోనే రెండుంటే?

గురువారం పొద్దున్నే వెళ్లి లక్ష్మితో చెప్పింది. ఇక నుంచి పెట్టెకు పదహారు కాయలు. పదహారుకే రేటు. కొసరు రెండూ వేసినా పద్దెనిమిదే, అయిదు కిలోల లోపే. ఆ మాటే పేజీలో పెద్దగా రాస్తాను, పదహారు కాయలు, రెండు కొసరు అని, అంటూ ఉత్సాహంగా ఫోను చూపించబోయింది. రెండు రూపాయలు తగ్గించింది తప్పేనని, మంగళ, బుధవారాలవి కూడా కలిపి ఇస్తానని కూడా అదే ఊపులో చెప్పేసింది.

డబ్బు సంగతికి లక్ష్మి తలూపింది. పేజీలో రాసే సంగతికి మాత్రం ముక్కు మీద వేలేసుకుంది.

"రాసి ఇచ్చేది కొసరెట్టా అవుద్దండీ? రాస్తే అదీ లెక్కలోదే. మళ్లీ దాని మీద ఇంకోటి వేయాలి నేను."

జ్యోతి ఫక్కున నవ్వింది. కీర్తిప్రియ ఫోను దించుకుంది. లక్ష్మి చెప్పింది నిజమే. పేజీలో పదహారు అని మాత్రం రాసింది. ఆ పదహారుకూ అయిదు కిలోలకూ మధ్య కాస్త ఖాళీ మిగిలింది. అది ఎందుకు వదిలిందో కొనేవాళ్లెవరికీ తెలియదు.

తరవాత "డెలివరీ ఉచితం" తీసేసింది. వేలు దాని మీద పెట్టి రెండు మూడు సార్లు వెనక్కి తీసుకుంది గాని చివరికి తీసేసింది. కాయ రేట్లో కలిపిన సగటు కూడా తీసేసింది. పోయినేటిలా చార్జీని చివర దాచిపెట్టలేదు. పేజీ తెరవగానే ముందు పిన్‌కోడ్ అడిగేట్టు పెట్టింది. కాయల బొమ్మ కంటే ముందే, మీ ఊరికి ఇంత పడుతుందని కనిపిస్తుంది. ఢిల్లీవాళ్లకు ఎక్కువ, హైదరాబాదుకు తక్కువ, బెజవాడకు ఇంకా తక్కువ. అన్నిటి కిందా ఒక వాక్యం రాసింది: తోటకు వచ్చి తీసుకెళ్లేవారికి డెలివరీ చార్జీ లేదు. విస్సన్నపేటకు ఫోను చేసి ఆ మాట చెబితే, జగన్మోహనరావు అయితే రేపే వస్తానన్నాడు.

గురువారం సాయంత్రం దాకా ఫోను అలిగినట్టు బిగదీసుకుని కూర్చుంది. అంతకుముందు గంటకు మూడు నాలుగు ఆర్డర్లు వచ్చే ఫోను అది. కీర్తిప్రియ ఛార్జింగ్ చూసింది, సిగ్నల్ చూసింది, పేజీ తనే తెరిచి తన ఊరి పిన్‌కోడ్ కొట్టి చూసింది. భయమేసింది. నీతి కోసం పోతే నూతిలో పడ్డట్టయిందా అనుకుంది. చీకటి పడేవేళకు గుంటూరు నుంచి ఒకటి వచ్చింది. ఏలూరు నుంచి రెండు. హారిక అని హైదరాబాదు అమ్మాయి, పోయిన వారం కొన్నది, మా అపార్టుమెంటులో నలుగురం కలిసి తీసుకుంటాం, దగ్గర దగ్గర ఇళ్లే కదా, చార్జీ ఏమన్నా తగ్గుతుందా అని అడిగింది. నాలుగు పెట్టెలు ఒకే కట్టగా పంపితే ఎంతవుతుందో షాలోమికి ఫోను చేసి కనుక్కుని, తగ్గినంతా తగ్గించి చెప్పింది. చార్జీ కనబడితే మనుషులు దాన్ని తగ్గించుకునే దారి వాళ్లే వెతుక్కుంటారని ఆమెకు అంతవరకూ తెలియదు.

శుక్రవారం పొద్దుటికి ఆర్డర్లు ఇరవై మూడు. సోమవారం ముప్ఫై రెండు. ఢిల్లీ ఒక్కటీ లేదు.

తొమ్మిదింటికి వ్యాపారి వచ్చి షెడ్డు ముందు నులక మంచం మీద కూర్చున్నాడు. దశరథరామయ్య పక్కనే కుర్చీలో. ఇద్దరికీ పుష్పవతి కాఫీ పంపించింది. కాపు ఎట్లా ఉందో, గాలివాన వస్తే ఏమవుతుందో మాట్లాడుకున్నారు. అసలు మాట ఇద్దరూ ఎత్తలేదు. కీర్తిప్రియ కాగితం తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. పెట్టెలు తొమ్మిది తగ్గాయి, కానీ ప్రతి పెట్టే తన ఖర్చు తను మోస్తోంది. ఆయన కాగితం చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ ముఖం చూసి ఏమీ చెప్పడానికి లేదు. ఇరవై మూడు ముప్ఫై రెండు కంటే తక్కువే, ఆ మాట ఎవరూ కాదనలేరు. షెడ్డులో ఆడవాళ్లు తలలు దించుకుని పని చేస్తున్నారు గాని అయిదుగురి చెవులూ మంచం దగ్గరే ఉన్నాయి.

అప్పుడు స్కూటరొచ్చింది. తెల్లచొక్కా, ప్లాస్టిక్ సంచీ, తల మీద తువ్వాలు. జగన్మోహనరావు దిగి, ముందు తోటంతా ఒకసారి తేరిపార చూసి, నమస్కారం పెట్టాడు. ఢిల్లీ ప్రయాణం లేని పెట్టె ఒకటి కావాలన్నాడు. సంగతి తెలియని దశరథరామయ్య అదేమిటని అడిగాడు. ఆయన చెప్పాడు. దశరథరామయ్యకు నవ్వాగలేదు. ఈ నాలుగు రోజుల్లో తండ్రి నవ్వడం కీర్తిప్రియ అదే చూడటం.

లక్ష్మి పెట్టె కట్టింది. గడ్డి పరిచింది, అణిచింది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, దాని మీద ఒక్క కాయ. పదహారు. మూత మడవబోతూ కుప్ప మీదికి చెయ్యి చాచి, రెండు మూలల్లో రెండు పెట్టింది. జగన్మోహనరావు అది చూశాడు. చూసీ చూడనట్టు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. అయితే ఆయన ముఖం మాత్రం వికసించింది.

డబ్బిచ్చి, పెట్టె స్కూటర్ ముందు పెట్టుకుని, కిక్కు కొట్టబోతుండగా దశరథరామయ్య లేచాడు.

"ఒక్క నిమిషం ఆగండి."

కుప్ప దగ్గరికి వెళ్లి వంగాడు. మోకాలి నొప్పికి చిన్నగా మూలిగాడు. ఒక కాయ తీసి బొటనవేలితో బుగ్గ నొక్కి పక్కన పెట్టేశాడు. ఇంకోటి తీసి ముచ్చిక వాసన చూసి అదీ పెట్టేశాడు. మూడోదాన్ని పంచె అంచుకు తుడిచి, తీసుకెళ్లి జగన్మోహనరావు ప్లాస్టిక్ సంచీలో వేశాడు. వద్దండీ అని ఆయన అనలేదు, ధన్యవాదాలు కూడా చెప్పలేదు. కొసరుకు ఎవరూ అలాంటివి చెప్పరు. తలూపి వెళ్లిపోయాడు.

తూకం పక్కనే ఉంది. ఎవరూ దాని వైపు చూడలేదు. లక్ష్మి తల ఎత్తకుండా తరవాతి పెట్టెకు గడ్డి పరుస్తోంది. గడ్డి సమంగానే ఉన్నా ఇంకోసారి సర్దింది.

నులక మంచం మీద వ్యాపారి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ముప్ఫై ఏళ్లుగా కాయల వ్యాపారం చేస్తున్న మనిషి. కాగితాలు చూసి తేల్చుకునే రకం కాదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు.

"అయితే దశరథరామయ్య గారూ, వచ్చే ఏడు చూద్దాం."

దశరథరామయ్య ఆ మాట విన్నాడో లేదో తెలియదు. ఆయన షెడ్డులో కట్టి పేర్చిన పెట్టెల దగ్గర నిలబడి, పైనున్న ఒకదాని మూత మీద చెయ్యి పెట్టి, పొద్దుటి నుంచి కట్టినవాటన్నిట్లోనూ కొసరు పడిందా అని లక్ష్మిని అడుగుతున్నాడు.